బైబిల్ మీద వచ్చే ఫార్వర్డులకు యూత్ గ్రూపుల ఎట్ల జవాబు చెప్పాలె?

హన్మకొండ యూత్

అందరికి వందనాలు. మా సంఘం యూత్ వాట్సాప్ గ్రూపుల ఇంటర్, డిగ్రీ పిల్లలే ఎక్కువ. వాళ్లకు బయటి నుంచి వచ్చే ఫార్వర్డులు ముఖ్యంగ మూడు తీర్లు. "బైబిల్‌ల 101 తప్పులు" అని పొడుగు లిస్టు ఒకటి. కొత్త అనువాదాలల్ల వచనాలు తీసేసిండ్రు అనుకుంట మత్తయి 17:21, అపొస్తలుల కార్యములు 8:37, మొదటి యోహాను 5:7 చూపించే వీడియో ఒకటి. ఇగ లూకా 19:27 ఒక్కటే స్క్రీన్‌షాట్ తీసి "మీ యేసు చంపుమన్నడు గదా" అని అడిగేది ఇంకోటి.

కొంతమంది పిల్లలు నిజంగనే తెలుసుకోవాలెనని అడుగుతున్నరు. కొంతమంది కోపానికి వచ్చి వేరే మతాల మీద వీడియోలు తెచ్చి పెడుతున్నరు. "సందేహపడొద్దు, ప్రార్థన చేసుకో" అని అడిగినోళ్ల నోరు మూయించుడు సరైంది కాదని నా ఉద్దేశం. అట్లని అన్నిటికి జవాబు రాసుకుంట కూసుంటే వాక్యధ్యానం పక్కకు పోయి వాదనే మిగులుతది.

ఏది ముందు పట్టుకోవాలె, ఏది వదిలెయ్యాలె, జవాబు ఎంతవరకు చెప్పాలె? అందరి చేతుల ఉన్నది బైబిల్ సొసైటీ పాత అనువాదం. అండ్లనే చూపించి చెప్పేటట్టు ఉంటే మేలు.

---

నర్సంపేట బైబిల్ స్టడీ

వందనాలు అన్నా. 101 లిస్టుకు 101 జవాబులు రాయొద్దు. అట్ల రాసుకుంట పోతే ఆఖరుకు ఎవ్వరు చదువరు, పైగ రేపు ఇంకో లిస్టు వస్తది. పెట్టినోళ్లను ఒక్కటే అడుగుండ్రి: "ఇండ్ల నీకు అన్నిటికంటె గట్టిగ అనిపించింది ఏది?" ఆ ఒక్కదాన్ని అడుగు దాకా చూపియ్యాలె. లిస్టు మొత్తం ఒకటే తీరు ప్రశ్నలు కాదు. కొన్ని నకలు రాసేటోళ్ల పొరపాట్లు, కొన్ని సగం వచనాలు, కొన్ని ఒకే సంగతిని ఇద్దరు రెండు దిక్కుల నుంచి చెప్పినవి. ఇంకొన్ని నిజంగనే కష్టమైనవి. ఏది ఏ తీరుదో పోల్చుకునుడు పిల్లలకు వస్తే సగం పని అయినట్టే.

ఒకటి చేసి చూపిస్త. అట్లాంటి లిస్టులల్ల యూదా రాజు అహజ్యా వయసు తప్పకుంట ఉంటది. రెండవ రాజులు 8:26ల అహజ్యా రాజైనప్పుడు 22 ఏండ్లు. రెండవ దినవృత్తాంతములు 22:2ల 42 ఏండ్లు. పిల్లలతోటి రెండూ తీపిచ్చి చదివియ్యుండ్రి. తర్వాత ఒక్క పేజీ వెనుకకు తిప్పి 21:20 చూపియ్యుండ్రి. వాళ్ల నాయన యెహోరాము 32 ఏండ్లకు రాజై, 8 ఏండ్లు ఏలి చచ్చిపోయిండు, అంటె 40 ఏండ్లకే. 22:1ల అహజ్యా అందరికన్న చిన్న కొడుకు అని ఉన్నది. 40 ఏండ్లకు పోయిన తండ్రికి 42 ఏండ్ల చిన్నకొడుకు ఉండడు. అంటే 22 సరైన అంకె. చేతిరాత ప్రతులు నకలు చేసే కాలంల అది 42 అయింది. సిరియా భాష అనువాదంల, కొన్ని పాత గ్రీకు ప్రతులల్ల ఇక్కడ 22 అనే ఉన్నది. కొన్ని కొత్త అనువాదాలు 22 అని వేసి అడుగున నోట్ పెడుతయి.

ఇక్కడనే చాలామంది బోధకులు తప్పు తొవ్వ పడుతరు. 42 అంటే ఆయన వయసు కాదు, ఇశ్రాయేలు రాజు ఒమ్రీ వంశం మొదలైన కాడి నుంచి లెక్క అని తిప్పి చెప్తరు. వచనం వయసు గురించి మాట్లాడుతున్నదని ఇంటర్ పిల్లకు కూడ తెలుస్తది. అట్లాంటి జవాబు ఒక్కసారి చెప్తే, తర్వాత పునరుత్థానం గురించి చెప్పినా ఆమె అదే అనుమానంతోటి వింటది. "ఇది నకలు పొరపాటు, సరైన అంకె ఇది, ఇట్ల తెలిసింది" అని చెప్తే విశ్వాసానికి ఏ నష్టం లేదు. పొరపాటును పట్టిచ్చింది కూడ బైబిలే గదా.

లూకా 19:27కు మందు 19:11. అక్కడి నుంచి గట్టిగ చదివియ్యుండ్రి. రాజ్యం సంపాదించుకొని వస్తనని దూరదేశం పోయిన ఒక రాజకుమారుడు, పది మంది దాసులకు ఇచ్చిన పది మినాలు, ఆయన మాకు రాజుగ వద్దన్న పట్నపోళ్లు. ఆ ఉపమానంల రాజు అనే మాట 27వ వచనం. శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞ కాదు. ఆ శిష్యులే 9:54ల సమరయ ఊరి మీద ఆకాశం నుంచి అగ్ని దిగాలెనా అని అడిగితే ఆయన వాళ్లను గద్దించిండు. 22:51ల తనను పట్టుకోను వచ్చినోని చెవి బాగుచేసిండు. అయితే ఇంకో మాట కూడ చెప్పాలె: ఈ ఉపమానం తీర్పు గురించి, దాని కఠినత్వాన్ని కడిగేసి తియ్యగ చెప్పొద్దు. అడిగినోళ్లు "కత్తి పట్టుమన్నడా" అని అడిగిండ్రు. దానికి జవాబు "లేదు". తీర్పు సంగతి వేరే రోజు మాట్లాడుకోవాలె.

ఏ వచనం వచ్చినా ఇదే వరుస. ఆ రెఫరెన్సు అసలు ఉన్నదా చూడాలె, చాలాసార్లు అదే తప్పు ఉంటది. అధ్యాయం మొదటి నుంచి చదవాలె. ఎవరు ఎవరితోటి అంటున్నరో చూడాలె. జవాబు ఫోన్ స్క్రీన్ మీద ఒక్కసారి కనిపించేంత రాస్తే చాలు. పది నిమిషాల వాయిస్ మెసేజ్ ఎవ్వరు ఆఖరు దాక వినరు.

---

కాజీపేట పాఠకుడు

నేను ఫాతిమానగర్ కేథలిక్ విచారణకు (పారిష్‌కు) చెందినవాణ్ణి. "తీసేసిన వచనాల" సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ వీడియో భయపెట్టడానికి తయారైంది. భయం పోవాలంటే వచన సంఖ్యలు ఎలా వచ్చాయో తెలియాలి.

కొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేశాడు. ఆయన చేతిలో ఉన్న గ్రీకు పాఠం, అంతకుముందు ఎరాస్మస్ అనే పండితుడు కొద్దిపాటి ఆలస్యపు ప్రతుల ఆధారంగా అచ్చువేసిన పాఠం నుంచి వచ్చింది. తర్వాతి కాలంలో చాలా పాత ప్రతులు పండితుల చేతికి వచ్చాయి. నాలుగో శతాబ్దపు వాటికన్ ప్రతి, సీనాయి ప్రతి అందులో ముఖ్యమైనవి. మత్తయి 17:21 (ప్రార్థన, ఉపవాసం వల్లనే ఇలాంటిది వెళ్లిపోతుందన్న మాట) ఆ రెండింటిలో మొదట రాసిన పాఠంలో లేదు. అపొస్తలుల కార్యములు 8:37 (ఐతియొపీయుడైన నపుంసకుడు తన విశ్వాసం ఒప్పుకున్న మాట) కూడా లేదు. అందుకని ఎన్ఐవీ (ఇంగ్లీషు) వంటి అనువాదాలు ఆ వాక్యాలను అడుగున నోట్‌లో పెట్టాయి. సంఖ్యలు మాత్రం మార్చలేదు, మారిస్తే లోకంలో ఉన్న రెఫరెన్సులన్నీ తారుమారవుతాయి. అందువల్ల 20 తర్వాత 22 కనిపిస్తుంది. ఎవరో రాత్రికి రాత్రి కోసేశారన్న మాట కాదు. దాచాలనుకున్నవాళ్లు అదే పేజీ అడుగున ఆ వాక్యం మొత్తం అచ్చువేయరు కదా.

మొదటి యోహాను 5:7కు మీ దగ్గరే సాక్ష్యం ఉంది. పాత అనువాదం తెరిచి 5:7, 8 చూపించండి. ఆత్మ, నీళ్లు, రక్తం అనే ముగ్గురు సాక్షులే ఉంటారు. "పరలోకములో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ" అనే వాక్యం అందులో లేదు. అంటే మన అమ్మమ్మలు చదివిన తెలుగు బైబిల్లోనే అది లేదు, ఇప్పుడు కొత్తగా ఎవరూ తీయలేదు. ఆ వాక్యం లాటిన్ ప్రతుల్లో వ్యాపించింది. ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో అది వేయలేదు. 1522 ముద్రణలో చేర్చాడు, అక్కడి నుంచి 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లోకి వచ్చింది. త్రిత్వ విశ్వాసం ఆ ఒక్క వాక్యం మీద నిలబడలేదు. మత్తయి 28:19, రెండవ కొరింథీయులకు 13:14, యోహాను 1:1 ఏ ప్రతిలోనైనా ఉన్నాయి. అలాగే 17:21 పక్కకు పోయినంత మాత్రాన ఉపవాసం పోదు, మత్తయి 6:16-18 ఉంది.

పిల్లలు వేరేవాళ్ల దగ్గర వినకముందే మీరే చెప్పవలసినవి ఇంకో రెండు ఉన్నాయి. మార్కు సువార్త వాటికన్, సీనాయి ప్రతుల్లో 16:8తో ముగుస్తుంది. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ వృత్తాంతం, అంటే యోహాను 7:53 నుంచి 8:11 వరకు, అతి పాత ప్రతుల్లో లేదు. ఇవి రహస్యాలు కావు, ఏ స్టడీ బైబిల్ తిరగేసినా కనిపిస్తాయి. పునరుత్థానం మార్కు 16:6లోనే ఉంది, మొదటి కొరింథీయులకు 15:3-7లో సాక్షుల వరుసతో సహా ఉంది. కాని 16:18 పట్టుకుని పాముల్ని పట్టుకోవచ్చు, విషం తాగినా ఏమీ కాదు అనే బోధ చేసేవారికి మాత్రం ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

మా వాళ్లకూ మీ వాళ్లకూ మధ్య నడిచే గొడవ ఒకటుంది: మా బైబిల్లో 73 గ్రంథాలు, మీ బైబిల్లో 66. "మీరు చేర్చారు", "మీరు తీసేశారు" అని రెండు పక్కలా అంటారు. రెండూ పూర్తిగా సరికావు. తోబితు, యూదితు, మక్కబీయులు వంటివి గ్రీకు పాత నిబంధనలో పూర్వం నుంచి ఉన్నాయి, హీబ్రూ గ్రంథాల వరుసలో లేవు. బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన జెరోము కాలం నుంచే వాటి స్థాయి మీద చర్చ ఉంది. లూథర్ 1534 బైబిల్లో వాటిని తీసేయలేదు, వేరే విభాగంగా ముద్రించాడు. కేథలిక్ సంఘపు ట్రెంట్ మహాసభ 1546లో వాటిని గట్టిగా ఖరారు చేసింది. ఇక నైసియా సభలో ఓట్లు వేసి బైబిల్ తయారు చేశారన్న మాట పూర్తిగా తప్పు. 325లో జరిగిన ఆ సభ అరియు బోధ (కుమారుడు సృష్టించబడినవాడన్న బోధ) గురించి, పస్కా పండుగ తేదీ గురించి కూర్చుంది. కొత్త నిబంధన 27 గ్రంథాలను ఈనాటి మాదిరిగా చెప్పిన తొలి జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియు రాసిన లేఖలో కనిపిస్తుంది.

---

కరీంనగర్ సండే స్కూల్

పై ఇద్దరు చెప్పింది బయటి నుంచి వచ్చే ప్రశ్నల గురించి. నాకు అంతకంటే ముందుది ముఖ్యం అనిపిస్తుంది. వచనాన్ని చుట్టూ కోసి ఒక్కటే చూపించడం పిల్లలు ఎక్కడ నేర్చుకుంటున్నారు? మన దగ్గరే.

"నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." యోబు 8:7. డిసెంబర్ 31 రాత్రి కూడికలో ఇచ్చే వాగ్దాన కార్డుల మీద, షాపుల గోడల మీద, ఆటోల వెనకాల ఈ వచనం ఉంటుంది. మాట్లాడేది దేవుడు కాదు, యోబు స్నేహితుడు బిల్దదు. పిల్లలు పోయి బూడిదలో కూర్చున్న మనిషితో, మూడు వచనాల ముందే, 8:4లో, నీ కుమారులు పాపం చేశారేమో, అందుకే అలా అయిందేమో అని అంటున్నాడు. 22:28 ఇంకో స్నేహితుడు ఎలీఫజు మాట, అది కూడా కార్డుల మీద వస్తుంది. గ్రంథం చివర 42:7లో యెహోవా ఎలీఫజుతో, నా కోపం నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా మండుతున్నది, మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదు అని చెప్పాడు. దేవుడు తప్పుపట్టిన ప్రసంగంలోంచి వాక్యం తీసి దేవుని వాగ్దానంగా చేతికిస్తున్నాం. తర్వాత ఎవరో లూకా 19:27 అలాగే కోసి పెడితే "సందర్భం చూడండి" అని అంటే పిల్లలు ఎందుకు నమ్మాలి?

యిర్మీయా 29:11 ("సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే వచనం) కూడా అంతే. పై వచనం, 29:10, డెబ్బై సంవత్సరాల చెర గురించి చెబుతోంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే చనిపోతారు. ఆ సంగతి తెలిసి చదివితే వచనం బరువు తగ్గదు, పెరుగుతుంది. ఒక నెల యూత్ మీటింగులో ఇటువంటి "గోడ వచనాలు" తీసుకుని అధ్యాయం మొత్తం చదివించండి. వాదన నేర్పకుండానే చదవడం వస్తుంది.

రెండో సంగతి, అతిగా చెప్పడం. "బైబిల్లో ఒక్క అక్షరం కూడా మారలేదు" అని వేదిక మీద అనేవాళ్లు ఉన్నారు. 1947 నుంచి మృత సముద్రం దగ్గరి ఖుమ్రాను గుహల్లో దొరికిన చుట్టల్లో యెషయా గ్రంథం మొత్తం ఉన్న చుట్ట ఒకటుంది. 1008 నాటి లెనిన్‌గ్రాడ్ హీబ్రూ ప్రతికంటే వెయ్యేళ్లకు పైగా పాతది. రెండింటినీ పోలిస్తే గ్రంథం అదే, సందేశం అదే, తేడాల్లో ఎక్కువ భాగం అక్షరక్రమమే. ఇది నిజంగా ఆశ్చర్యపడి స్తుతించాల్సిన సంగతి. కాని 53:11 వంటి చోట్ల ఆ చుట్టలో "వెలుగు" అనే మాట అదనంగా ఉంది. యిర్మీయా గ్రంథం గ్రీకు అనువాదంలో హీబ్రూ కంటే దాదాపు ఎనిమిదో వంతు చిన్నది. "ఒక్క అక్షరం" అన్న మాట విని పెరిగిన కుర్రవాడు కాకతీయ యూనివర్సిటీ హాస్టల్లో ఈ సంగతులు ఫోన్లో చూస్తే, వేదిక మీది మాటతో పాటు సువార్తనూ వదిలేస్తాడు. మనం లేని గొప్ప చెప్పి వాళ్లను పోగొట్టుకోవద్దు. నిర్గమకాండము 20:16, అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ, దేవుని పక్షాన వాదించేటప్పుడు కూడా వర్తిస్తుంది.

వేరే మతాల మీద వీడియోలు పెట్టడం వెంటనే ఆపించండి. ఎఫెసులో అల్లరి జరిగినప్పుడు అక్కడి కరణము నిలబడి, వీళ్లు మన దేవతను దూషించలేదు అని సాక్ష్యం చెప్పాడు, అపొస్తలుల కార్యములు 19:37. పౌలు అక్కడ రెండేళ్లకు పైగా బోధించాడు, అయినా ఊరివాళ్లే ఆ మాట అనగలిగారు. ఏథెన్సులో 17:28లో వాళ్ల కవుల మాటే ఎత్తి చెప్పాడు. చట్టం సంగతి కూడా పిల్లలకు తెలియాలి: భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే సెక్షన్ 196, కావాలని మత విశ్వాసాలను అవమానిస్తే సెక్షన్ 299. ఫార్వర్డ్ చేసినా చిక్కే. డిగ్రీ చదివే పిల్లల మీద కేసు అయితే ఉద్యోగం దాకా వెంటాడుతుంది.

---

జమ్మికుంట విశ్వాసి

అందరు మంచిగనే చెప్పిండ్రు గని, అసలు వాదనలకు దిగుడే వద్దని రెండవ తిమోతి 2:23 చెప్తున్నది గదా. నేర్పులేని మూఢ తర్కాలు జగడాలు పుట్టిస్తయని ఎరిగి విసర్జించుమన్నడు. ఎవ్వని మనసు మార్చేదైనా పరిశుద్ధాత్ముడే.

---

నర్సంపేట బైబిల్ స్టడీ

జమ్మికుంట అన్నా, 23 తోటి ఆగొద్దు, 24, 25 కూడ చదవాలె. ప్రభువు దాసుడు జగడమాడక, అందరి ఎడల సాధువుగ, బోధింప సమర్థునిగ ఉండాలె, ఎదురాడేటోళ్లను సాత్వికంతోటి శిక్షించాలె (అంటె సరిదిద్దాలె) అని ఉన్నది. మొదటి పేతురు 3:15 అడిగినోళ్లకు జవాబు సిద్ధంగ పెట్టుకొమ్మంటున్నది, అది కూడ సాత్వికముతోను భయముతోను. మారుమనస్సు ఇచ్చేది దేవుడే, 25ల అదే ఉన్నది. జవాబు చెప్పే పని మాత్రం మనకు అప్పజెప్పిండు.

మీరన్నదాంట్ల సరైన మాట ఒకటి ఉన్నది, ఎక్కడ ఆపాలెనో తెలువాలె. అదే ప్రశ్న జవాబు చదువకుంట మళ్ల మళ్ల పెట్టేటోడు నేర్చుకోను రాలే. తీతుకు 3:10 ఒకటి రెండుమార్లు బుద్ధి చెప్పుమన్నది, తర్వాత విసర్జించుమన్నది. గ్రూపుల కూడ రెండుసార్లు జవాబు చెప్పి ఊకోవాలె. మూడోది రాస్తే అది మన పట్టుదలే. అడిగినోడు లోపల నలుగుతుంటే గ్రూపుల కాదు, పక్కకు పిలిచి మాట్లాడాలె. చెరసాల నుంచి బాప్తిస్మమిచ్చు యోహాను "రాబోవువాడవు నీవేనా" అని అడిగి పంపితే, మత్తయి 11ల యేసు కోప్పడలే. చూసినవి విన్నవి పోయి చెప్పుమన్నడు, ఆ మనుషులు వెళ్లినంక జనం ముంగట యోహానును మెచ్చుకున్నడు. సందేహం అడిగినోన్ని గ్రూపుల నిలబెట్టి తిట్టుడు యేసు చూపిన తొవ్వ కాదు.

---

హన్మకొండ యూత్

అందరికి మస్తు ధన్యవాదాలు. యోబు 8:7 సంగతితోటే వచ్చే మీటింగు మొదలు పెడత. ఇంకొక్కటి: మేడారం జాతర వస్తే పక్కింటోళ్లు సమ్మక్క సారలమ్మ బంగారం, అంటె మొక్కు బెల్లం, ప్రేమతోటి తెచ్చి ఇస్తరు. తీసుకోవాలెనా వద్దా అని మా పిల్లలల్లనే రెండు పార్టీలు అయినయి. దీనికి కూడ అదే పద్ధతి పనికొస్తదా?

---

కరీంనగర్ సండే స్కూల్

పనికొస్తుంది. ఒక పార్టీ మొదటి కొరింథీయులకు 10:25 చూపిస్తుంది, ఇంకో పార్టీ 10:21 చూపిస్తుంది. రెండూ ఒకే అధ్యాయం. కాబట్టి 8, 9, 10 అధ్యాయాలు ఒకేసారి కూర్చుని చదవండి, అరగంట పట్టదు.

పౌలు అక్కడ మూడు వేర్వేరు సందర్భాలు మాట్లాడుతున్నాడు. 10:14-22 ఆరాధనలో భాగంగా బల్ల దగ్గర పాలుపొందడం గురించి, అది వద్దన్నాడు. 10:25-27 కటికవాని అంగడిలో కొన్నది, అవిశ్వాసి ఇంట్లో పెట్టింది, మనస్సాక్షి పేరుతో ఆరా తీయకుండా తినమన్నాడు. 10:28 ఇది బలి అర్పింపబడినది అని ఎవరైనా చెబితే, చెప్పినవాని కోసం తినవద్దన్నాడు. మొక్కు బెల్లం సంగతి మూడోదానికి దగ్గర, ఎందుకంటే ఇచ్చేవాళ్లే అది ఏమిటో చెప్పి ఇస్తారు. విగ్రహాలకు అర్పించినవి విసర్జించమన్న అపొస్తలుల కార్యములు 15:29 కూడా కలిపి చదవండి. నా అభిప్రాయం తినకపోవడమే మంచిది. తింటే తప్పేమీ లేదనుకునే విశ్వాసులు ఉన్నారు, వాళ్లకు రోమీయులకు 14:3 ప్రకారం తీర్పు తీర్చకూడదు.

తినకపోవడం ఒక సంగతి, ఇచ్చిన మనిషిని చిన్నబుచ్చడం ఇంకో సంగతి. ఇంటి గడప దగ్గర సిద్ధాంతం చెప్పొద్దు. "మేం తినం పిన్నీ, ఏమనుకోకు, కూర్చో చాయ్ తాగిపో" అంటే ఆమెకు అర్థమవుతుంది. తీసుకుని తర్వాత చెత్తలో పారేయడం మాత్రం ఎవరూ చేయొద్దు, పిల్లలకు అది స్పష్టంగా చెప్పండి.